ఆన్‌లైన్ క్యాసినోలకు లైసెన్సులిస్తే నష్టం తగ్గుతుందా? కోర్టు పనిలో చూసినదాన్ని బట్టి నా సమాధానం

ఆమదాలవలస నుంచి ఒక మిత్రుడు అడిగిన ప్రశ్న సారాంశం ఇది. నిషేధం ఉన్నా ఫోన్లలో క్యాసినో ఆటలు ఆగడం లేదు. వారి వీధిలోని కుర్రాళ్లే టెలిగ్రామ్‌లో ఐడీ తీసుకుని ఆడుతున్నారు. ఆ డబ్బంతా ఎక్కడికో పోయే బదులు ప్రభుత్వమే లైసెన్సులిచ్చి, పన్ను వసూలు చేసి, వయసుకూ పందేనికీ పరిమితులు పెట్టి నడిపిస్తే మేలు కాదా? నాలుగు ఉద్యోగాలైనా వస్తాయి కదా? పెద్దవాళ్లు సొంత డబ్బుతో ఆడుకుంటే మీ న్యాయవాదులకు అభ్యంతరం ఏమిటి?

మేలు కాదన్నదే నా సమాధానం. నష్టం తగ్గకపోగా, బాధిత కుటుంబానికి ఇవాళ చట్టంలో ఉన్న కొద్దిపాటి ఆసరా కూడా పోతుంది. లైసెన్సు ఇచ్చిన నాటి నుంచి జూదపు బాకీ మామూలు వ్యాపార బాకీ అవుతుంది. ఇప్పుడు ఓడినవాడి ఇంటివైపు నిలబడుతున్న చట్టం అప్పుడు కంపెనీ వైపు నిలబడుతుంది. నాకున్న అభ్యంతరాల్లో అన్నింటికన్నా పెద్దది ఇదే. పన్ను, ఉద్యోగాలు, స్వేచ్ఛ గురించి మీరు అడిగినవాటికి కూడా కింద సమాధానం రాస్తున్నాను.

నేను విజయనగరంలో న్యాయవాదిని. చెక్ బౌన్సు కేసులు, ప్రోనోటు దావాలు, మనోవర్తి కేసులు నా రోజువారీ పని. జూదం వల్ల వచ్చామని చెప్పి ఎవరూ నా ఆఫీసు మెట్లెక్కరు. చెక్కు కేసులో సమన్లు వచ్చాయనో, భార్య పుట్టింటికి వెళ్లిపోయిందనో, బ్యాంకు ఖాతా ఫ్రీజ్ అయిందనో వస్తారు. ఆరు నెలల స్టేట్‌మెంట్ తెప్పించి చూస్తే గానీ అసలు సంగతి బయటపడదు. కింద చెప్పే ఉదాహరణల్లో కక్షిదారులను గుర్తుపట్టే అవకాశమున్న వివరాలను మార్చాను. రమ్మీలో నైపుణ్యం ఎంత, అదృష్టం ఎంత అన్న వాదంలోకి నేను వెళ్లడం లేదు. 1968లో ఆంధ్రప్రదేశ్ రాష్ట్రానికీ కె. సత్యనారాయణకూ మధ్య నడిచిన కేసులో రమ్మీలో నైపుణ్యమే ప్రధానమని సుప్రీంకోర్టు చెప్పినప్పటి నుంచి ఆ వాదం సాగుతూనే ఉంది. మీరడిగింది క్యాసినో గురించి, అంటే రౌలెట్, స్లాట్లు, రంగు చెప్పే ఆట, విమానం పైకి లేచి ఎక్కడో మాయమయ్యే ఆట గురించి. వీటిలో గెలుపును తేల్చేది ఆటగాడి తెలివి కాదన్న విషయంలో పెద్దగా వివాదం లేదు.

ముందుగా, చట్టం ఇప్పుడు ఎవరి పక్షాన ఉంది? 1872 నాటి కాంట్రాక్టు చట్టం 30వ సెక్షన్ ప్రకారం పందెపు ఒప్పందం చెల్లదు. పందెంలో గెలిచిన సొమ్ము ఇప్పించమని ఎవరూ దావా వేయలేరు. 1957లో చమర్‌బాగ్‌వాలా కేసులో సుప్రీంకోర్టు మరింత ముందుకు వెళ్లి, జూదాన్ని అసలు వ్యాపారంగానే చూడలేమని, వ్యాపారానికి రాజ్యాంగం 19వ అధికరణంలో ఇచ్చిన రక్షణ దానికి దొరకదని తేల్చింది. పందేలు, జూదం అన్నవి రాజ్యాంగం ఏడవ షెడ్యూలులోని రాష్ట్రాల జాబితాలో 34వ అంశం. మన రాష్ట్రానికి 1974 నాటి గేమింగ్ చట్టం ఉండగా, 2020లో దాన్ని సవరించి ఆన్‌లైన్ జూదాన్ని కూడా దాని కిందకు తెచ్చారు. ఆ తరువాత, 2025 ఆగస్టు 22న రాష్ట్రపతి ఆమోదం పొందిన కేంద్ర చట్టం డబ్బు పెట్టి ఆడే ఆన్‌లైన్ ఆటలను నైపుణ్యం, అదృష్టం అన్న భేదం చూడకుండా నిషేధించింది. నడిపేవారికి మూడేళ్ల వరకు జైలు, కోటి రూపాయల వరకు జరిమానా పడవచ్చు. ప్రకటనలిచ్చేవారికి రెండేళ్ల వరకు జైలు, 50 లక్షల వరకు జరిమానా ఉన్నాయి. ఆడినవారికి మాత్రం ఆ చట్టంలో శిక్ష లేదు.

ఈ సెక్షన్లు మామూలు మనిషికి ఎక్కడ అక్కరకు వస్తాయో ఒక కేసు చెబుతాను. రాజాం వైపు ప్రైవేటు స్కూల్లో పనిచేసే ఒక ఉపాధ్యాయుడు, క్యాసినో ఐడీలు ఇచ్చే స్థానిక ఏజెంటు దగ్గర అరువుకు పాయింట్లు వేయించుకునేవాడు. పాయింట్లంటే డబ్బే, ఏజెంటు ముందుగా లోడ్ చేస్తాడు, వారానికోసారి లెక్క చూసుకుంటారు. హామీగా సంతకం పెట్టిన ఖాళీ చెక్కులు ఏజెంటు దగ్గర ఉండేవి. లెక్క పెరిగిపోయాక అతను ఒక చెక్కు మీద నాలుగు లక్షల పైచిలుకు రాసుకుని బ్యాంకులో వేశాడు. అది తిరిగి రాగానే, చెక్ బౌన్సులకు వర్తించే నెగోషియబుల్ ఇన్‌స్ట్రుమెంట్స్ చట్టం 138వ సెక్షన్ కింద నోటీసు పంపించి కేసు వేశాడు. చెక్కు మీద సంతకం తనదేనని ముద్దాయి ఒప్పుకుంటే, బాకీ ఉన్నట్టుగానే కోర్టు మొదట భావిస్తుంది. లేదని చూపించే భారం ముద్దాయిదే. మేము వాట్సాప్ సంభాషణలు, పాయింట్ల స్క్రీన్‌షాట్లు, ఏజెంటు ఖాతాకు వెళ్లిన యూపీఐ చెల్లింపుల వివరాలు దాఖలు చేసి, ఇది జూదపు లెక్క అని చూపించాం. చట్టరీత్యా అమలు చేయదగిన బాకీకి ఇచ్చిన చెక్కుకే 138 వర్తిస్తుందని ఆ సెక్షన్ వివరణలోనే ఉంది. అంత పెద్ద మొత్తం తన దగ్గరకు ఎలా వచ్చిందో, ఎందుకు అప్పిచ్చాడో క్రాస్ ఎగ్జామినేషన్‌లో ఏజెంటు చెప్పలేకపోయాడు. కేసు కొట్టేశారు. ఆ బాకీ తీర్చడం కోసం బేరం పెట్టిన తల్లి పొలం అమ్ముడుపోకుండా మిగిలింది.

ఆ ఏజెంటు కుర్చీలో లైసెన్సున్న కంపెనీ కూర్చుందనుకోండి. ప్రభుత్వం తానే లైసెన్సు ఇచ్చి, ఫీజు పుచ్చుకుని, పన్ను కట్టించుకుంటూ, ఆ కంపెనీకి రావలసిన బాకీ మాత్రం చెల్లదని ఎంతకాలం అనగలదు? బ్రిటన్‌లో 1845 నాటి చట్టం వల్ల జూదపు ఒప్పందాలు కోర్టుల్లో చెల్లేవి కావు. ఆన్‌లైన్ జూదానికి లైసెన్సుల పద్ధతి తెచ్చిన 2005 గ్యాంబ్లింగ్ చట్టమే, తన 335వ సెక్షన్‌లో, జూదానికి సంబంధించినదన్న కారణంతో ఒక ఒప్పందం అమలుకు అడ్డు రాదని చెప్పి ఆ పాత రక్షణను తీసేసింది. మన దగ్గర కూడా దారి అటే పోతుంది. ఖాతా తెరిచేటప్పుడు 'అంగీకరిస్తున్నాను' అని నొక్కిన షరతుల్లో ఆర్బిట్రేషన్, అంటే కోర్టు బయట మధ్యవర్తి ముందు జరిగే విచారణ, బెంగళూరులోనో ముంబైలోనో జరుగుతుందని ఉంటుంది. రుణ యాప్‌ల వ్యవహారంలో అలాంటి నోటీసులు పట్టుకుని చీపురుపల్లి, పాలకొండ వైపుల నుంచి కుర్రాళ్లు ఇప్పటికే వస్తున్నారు. పది, పదిహేను వేల బాకీకి అంత దూరం వెళ్లి వాదించుకోలేక ఎంత అడిగితే అంత కట్టేస్తున్నారు. క్యాసినో కంపెనీకి కూడా ఆ వెసులుబాటు ఇవ్వమని మనమే అడగడం నాకు అర్థం కాని విషయం.

ఇక్కడ ఒక హెచ్చరిక కూడా చేయాలి, ఎందుకంటే నేను చెప్పింది చదివి 'జూదానికి తెచ్చిన అప్పేదీ కట్టనక్కర లేదు' అని అనుకునే ప్రమాదం ఉంది. 1959లో ఘెరూలాల్ పరఖ్ కేసులో సుప్రీంకోర్టు, పందెం చెల్లనిదే గానీ అంతమాత్రాన చట్టవిరుద్ధమైనది కాదని, కాబట్టి దానికి అనుబంధంగా చేసుకున్న వేరే ఒప్పందం చెల్లవచ్చని చెప్పింది. రాష్ట్ర చట్టమో కేంద్ర చట్టమో ఆ ఆటనే నేరంగా ప్రకటించిన చోట, అప్పు దేనికోసమో తెలిసే ఇచ్చినవాడి మీద కాంట్రాక్టు చట్టం 23వ సెక్షన్ కింద, అంటే ఉద్దేశమే చట్టవిరుద్ధమని వాదించడానికి బలం వస్తుంది. సంగతి తెలియక చేబదులిచ్చిన బావమరిదికి, తాకట్టు పెట్టుకున్న గోల్డ్ లోన్ కంపెనీకి ఆ వాదన తగలదు. నిషేధం ఉండడం వల్ల దొరికే రక్షణ పరిమితమైనదే. అయితే నిషేధాన్ని తీసేస్తే ఆ పరిమిత రక్షణ కూడా పోతుంది. తెలిసే అప్పిచ్చినవాడు కూడా దర్జాగా కోర్టుకు రాగలుగుతాడు.

ఇక పన్ను. ప్రభుత్వానికి ఆదాయం రావడం, జనం దొంగ యాప్‌లు వదిలి లైసెన్సు యాప్‌లకు మారడం, ఈ రెండూ ఒకేసారి జరుగుతాయని మీ ప్రశ్న అనుకుంటోంది. లెక్క వేసి చూడండి. డబ్బుతో ఆడే ఆన్‌లైన్ ఆటల్లో జమ చేసే మొత్తం మీద 2023 అక్టోబరు 1 నుంచి 28 శాతం జీఎస్టీ పెట్టారు. 2025 సెప్టెంబరు 22 నుంచి క్యాసినోలకు, పందేలకు, డబ్బు ఆటలకు వర్తించే రేటు 40 శాతం. పన్నుతో కలిపి వంద రూపాయలు వేస్తే ఆటకు మిగిలేది 71 రూపాయల చిల్లర. ఆ పైన నికర గెలుపు మీద 30 శాతం ఆదాయపు పన్ను, అది కూడా చాలావరకు ముందే కోసుకుని ఇస్తారు. టెలిగ్రామ్ ఏజెంటు దగ్గర వందకు వంద పాయింట్లూ వస్తాయి, మొదటిసారైతే బోనస్ కూడా కలుపుతాడు. ఆడే అలవాటున్న మనిషి ఈ రెండింటిలో ఎటు పోతాడు? అతన్ని ఇటు లాగాలంటే పన్ను బాగా తగ్గించాలి. తగ్గించాక మీరు ఆశించిన ఆదాయం ఉండదు. తగ్గించకపోతే పాత ఆటగాళ్లు పాత చోటనే ఉంటారు. లైసెన్సు బోర్డు, టీవీ ప్రకటన చూసి 'ప్రభుత్వం ఒప్పుకున్నదే కదా' అని ఇప్పటివరకు దూరంగా ఉన్నవాళ్లు కొత్తగా వచ్చి చేరతారు. రెండు దుకాణాలూ కిటకిటలాడతాయి.

ఊరి జాతరలో గుండాట, సంక్రాంతికి కోడిపందెం, తోటలో పేకాట మనకు కొత్త కాదు, వాటితో ఎన్ని ఇళ్లు గుల్లయ్యాయో కూడా తెలుసు. ఫోన్లోని క్యాసినో వాటికి కొనసాగింపు అనుకుంటే మాత్రం పొరబాటు, ఎందుకంటే ఇక్కడ నష్టాన్ని నిర్ణయించేది వేగం. యూరోపియన్ రౌలెట్ చక్రంలో 37 గళ్లుంటాయి. ఒక అంకె మీద పెట్టి గెలిస్తే పెట్టినదానికి 35 రెట్లు లాభం ఇస్తారు. సమంగా ఇవ్వాలంటే 36 రెట్లు ఇవ్వాలి. ఆ ఒక్క గడి తేడా వల్ల పెట్టిన ప్రతి వందకూ సగటున 2 రూపాయల 70 పైసలు నిర్వాహకుడికి మిగులుతాయి. అమెరికన్ చక్రంలో 38 గళ్లు కాబట్టి అది 5 రూపాయల 26 పైసలు. వినడానికి ఇది చాలా తక్కువ. గోవాలో బల్ల దగ్గర కూర్చుని గంటకు 40 సార్లు, వంద చొప్పున పెట్టాడనుకుంటే, తిప్పిన మొత్తం 4,000, సగటు నష్టం 108 రూపాయలు. అదే ఆట ఫోన్లో పది సెకన్లకోసారి తిరిగితే గంటకు 360 సార్లు, తిప్పిన మొత్తం 36,000, సగటు నష్టం 970 దాటుతుంది. శాతం మారలేదు, మోసం కూడా ఏమీ లేదు. లైసెన్సు అధికారి వచ్చి తనిఖీ చేసినా అంతా సక్రమంగానే ఉందని రాసి వెళతాడు.

ఆ వేగం బ్యాంకు స్టేట్‌మెంట్‌లో ఎలా ఉంటుందో చూస్తే గానీ తెలియదు. పైడిభీమవరం ఫార్మా కంపెనీల్లో ఒకదానిలో షిఫ్టు పనిచేసే ఒక కక్షిదారుడి కాగితాల్లో ఒక రాత్రి ఇలా ఉంది. 11.52కు 200 రూపాయలు వెళ్లాయి. 11.58కి 300, 12.10కి 500, 12.14కి మళ్లీ 500. 12.31కి 1,850 తిరిగి వచ్చాయి. అక్కడ ఆగి ఉంటే అతనికి 350 లాభం. 12.33కి 1,000, 12.41కి 1,000, 1.26కి ఒకేసారి 5,000 వెళ్లాయి. 2.40కి ఒక రుణ యాప్ నుంచి 8,000 జమ అయ్యాయి, 2.55 అయ్యేసరికి అందులో మిగిలింది వంద లోపు. డబ్బు అందుకున్న పేర్లు ఏ రెండూ ఒకటి కావు: ఒకటి చెప్పుల దుకాణం, ఒకటి ఎవరో మహిళ పేరు, మరొకటి ఏదో ఎంటర్‌ప్రైజెస్. ఉదయం షిఫ్టుకు వెళ్లే కంపెనీ బస్సు ఎక్కేముందు పాలవాడికి కట్టిన 32 రూపాయలు కూడా ఆ పేజీలోనే ఉన్నాయి. లైసెన్సు వస్తే ఈ పేజీలో మారేది డబ్బు అందుకున్నవాళ్ల పేర్లు మాత్రమే. వాటి స్థానంలో ఒకే కంపెనీ పేరు కనిపిస్తుంది. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2022 నుంచి అమల్లో ఉన్న తన వ్యాధుల వర్గీకరణలో జూదపు రుగ్మతను వ్యసనాల కిందే ఉంచింది. ఆ మనిషికి కావలసింది వైద్యం. భార్య తరఫున మనోవర్తి కేసు వచ్చేదాకా ఆ ఇంట్లో ఎవరికీ ఆ సంగతి తట్టలేదు.

'పరిమితులు పెట్టవచ్చు కదా' అన్నారు. పెట్టవచ్చు. అవి ఎప్పుడు వస్తాయో, వచ్చాక ఎలా అమలవుతాయో బ్రిటన్‌ను చూస్తే తెలుస్తుంది. చట్టం 2005 నాటిది. బెట్టింగ్ షాపుల్లోని యంత్రాల మీద ఒక్కో పందేన్ని 100 పౌండ్ల నుంచి 2 పౌండ్లకు తగ్గించింది 2019 ఏప్రిల్‌లో. క్రెడిట్ కార్డుతో జూదం ఆడకూడదన్నది 2020 ఏప్రిల్‌లో. ఆన్‌లైన్ స్లాట్ ఒక్కో తిప్పుకు కనీసం రెండున్నర సెకన్లు పట్టాలన్న నియమం 2021లో. ఆన్‌లైన్ స్లాట్లలో ఒక్కో పందేనికి 5 పౌండ్లు, పాతికేళ్ల లోపువారికి 2 పౌండ్లు అన్న హద్దు 2025లో. ఇరవై ఏళ్లు పట్టింది. ఈ లోపల అక్కడి లైసెన్సు కంపెనీలు ఎలా నడుచుకున్నాయంటే, 2023 మార్చిలో విలియం హిల్ గ్రూపు కంపెనీలకు గ్యాంబ్లింగ్ కమిషన్ 1.92 కోట్ల పౌండ్ల జరిమానా వేసింది. బయటపడిన లోపాల్లో ఒకటి, కొత్తగా ఖాతా తెరిచిన ఒక మనిషిని ఏ విచారణా లేకుండా ఇరవై నిమిషాల్లో 23,000 పౌండ్లు ఖర్చు చేయనిచ్చారన్నది. లైసెన్సు లేని సైట్ల మీద ఆ కమిషన్ నేటికీ చర్యలు తీసుకుంటూనే ఉంది. పని తెలిసిన నియంత్రణ సంస్థ ఉన్న దేశంలో పరిస్థితి ఇది. మన దగ్గర చిన్నవాళ్లు అమ్మ ఆధార్‌తో తీసిన సిమ్ము, నాన్న ఖాతాకు కట్టిన యూపీఐ వాడుతున్నప్పుడు వయసు నిబంధన ఎవరిని ఆపుతుందో మీరే ఆలోచించండి. ఆస్ట్రేలియాలో క్రీడల పందేలకు లైసెన్సులున్నా, 2001 నాటి చట్టం ప్రకారం ఆన్‌లైన్ క్యాసినో ఆటలను అక్కడివారికి అందించడం నిషిద్ధం. జూదానికి అంతగా అలవాటుపడిన దేశం కూడా ఈ ఒక్కదాన్ని వేరుచేసి పక్కన పెట్టింది.

మద్యనిషేధం ఉదాహరణ మీరు ఎత్తకపోయినా, ఈ చర్చ వచ్చినప్పుడల్లా బార్ అసోసియేషన్‌లో మా వాళ్లే ఎత్తుతారు. 1995లో నిషేధం పెట్టాం, 1997లో ఎత్తేశాం, దొంగసారా తప్ప ఏం మిగిలిందంటారు. ఆ అనుభవం నుంచి నాకు కనిపించేది వేరే సంగతి. ఒకసారి ఖజానా ఒక ఆదాయానికి అలవాటుపడ్డాక ఏ పార్టీ వచ్చినా దాన్ని వదులుకోలేదు. 2019లో దశలవారీ మద్యనిషేధం మాటతో అధికారంలోకి వచ్చిన ప్రభుత్వం కూడా వదులుకోలేకపోయింది. గోవాలో మాండవి నదిలోని క్యాసినో పడవలను అక్కడి నుంచి తరలిస్తామని ఎన్ని ప్రభుత్వాలు చెప్పాయో, ఎన్నిసార్లు గడువు పొడిగించాయో పత్రికలు చదివేవారికి తెలుసు. లైసెన్సు ఇచ్చి చూద్దాం, బాగాలేకపోతే తీసేద్దాం అన్నది ఈ వ్యవహారంలో కుదరని మాట. తీసేసే రోజున కంపెనీలు పెట్టుబడుల లెక్కలతో హైకోర్టుకు వెళతాయి, ఆ లెక్కలకు విలువ కట్టవలసి వస్తుంది.

ఉద్యోగాల విషయంలో ఉత్తరాంధ్ర వాళ్లం కాస్త ఎక్కువ జాగ్రత్తగా ఉండాలి. ఫిలిప్పీన్స్ ఈ ఉద్యోగాలు, ఈ ఆదాయమే చూసి విదేశీ ఆటగాళ్ల కోసం నడిచే ఆన్‌లైన్ క్యాసినో కంపెనీలకు లైసెన్సులిచ్చింది. మోసాలు, మనుషుల అక్రమ రవాణా, నిర్బంధాలు పెరిగిపోవడంతో 2024 జూలైలో అధ్యక్షుడు మార్కోస్ వాటన్నింటినీ మూసేయమని ప్రకటించారు. కంబోడియా 2019లోనే ఆన్‌లైన్ జూదపు లైసెన్సులు ఆపేసింది. సిహనూక్‌విల్ లాంటి చోట్ల క్యాసినోల కోసం లేచిన భవనాలు సైబర్ మోసాల స్థావరాలయ్యాయి. డేటా ఎంట్రీ ఉద్యోగమని నమ్మి కంబోడియా వెళ్లి, అలాంటి చోట్ల చిక్కుకున్న మన ప్రాంతపు యువకుల సంగతిని 2024 మేలో విశాఖ పోలీసులు బయటపెట్టారు. పాస్‌పోర్టు లాక్కుని కూర్చోబెట్టే ఆ పని పేరు కూడా ఉద్యోగమే.

'సొంత డబ్బు' అన్న మాట దగ్గర కొంచెం ఆగుతాను. పట్నంలో పెద్ద జీతం తీసుకునే ఒంటరి మనిషికి అది సరిపోతుందేమో గానీ, మన రెండు జిల్లాల్లో డబ్బు అలా ఒక మనిషిది ఒక మనిషికే ఉండదు. గంట్యాడ మండలంలో ఒక ఇంటి ఇల్లాలు డ్వాక్రా సంఘంలో సభ్యురాలు. ఆవుల కోసమని చెప్పించి భర్త ఆమె వాటా రుణం తీయించాడు. అది వారం లోపలే రంగుల ఆటలో పోయింది. వాయిదాలు ఆగాయి. సంఘం మీద ఉన్న బకాయి ఒక్కరిది అని బ్యాంకు చూడదు. సంఘం పొదుపు ఖాతా నుంచి కోసుకుంది, కొత్త రుణం ఆపింది. మిగిలిన సభ్యుల్లో ఒకామె కూతురి నర్సింగ్ ఫీజు కోసం ఆ కొత్త రుణం మీదే ఆశ పెట్టుకుంది. వాళ్లంతా కలిసి నా దగ్గరకు వచ్చి, మాకూ ఆ యాప్‌కూ ఏమిటి సంబంధం అని అడిగారు. చట్టం ప్రకారం ఏ సంబంధమూ లేదు, కట్టవలసింది మాత్రం వాళ్లే. చెన్నైలో, హైదరాబాదులో కట్టడం పనులు చేస్తూ ఇంటికి డబ్బు పంపే మన వలస కూలీల సంగతి కూడా ఇంతే. షెడ్డులో రాత్రి ఫోన్లో పోయినది ఇక్కడ ఒక ముసలి తల్లి మందుల డబ్బు.

నిషేధం ఒక్కటే చాలునని నేను అనడం లేదు. దాని అమలులో నాకు నచ్చనివి ఉన్నాయి. మన రాష్ట్రం 2020 సవరణలో ఆడినవారికి కూడా ఆరు నెలల వరకు జైలు పెట్టింది. దానివల్ల కొడుకు ఆడుతున్నాడని తెలిసిన తల్లిదండ్రులు స్టేషన్‌కు వెళ్లి ఏజెంటు పేరు చెప్పడానికి భయపడతారు. ఆడినవాడిని వదిలి నడిపినవాడిని, ప్రచారం చేసినవాడిని, డబ్బు దాటించినవాడిని పట్టుకునే కేంద్ర చట్టం పద్ధతే మెరుగని నా అభిప్రాయం. ప్రచారం చేసినవారి మీద 2025లో విశాఖలోనూ హైదరాబాదులోనూ కేసులు పెట్టడం వల్ల మన యూట్యూబ్ వీడియోల్లో బాహాటంగా కనిపించే ప్రకటనలు కొంత తగ్గాయి. అసలు పట్టు డబ్బు దారిలో ఉంది. యాప్ పేరు మార్చుకోవడానికి ఒక పూట చాలు, డబ్బు తీసుకోవడానికి మాత్రం ఈ దేశంలోని ఎవరి బ్యాంకు ఖాతానో ఒకటి కావాలి. ఆ ఖాతాలు అద్దెకు దొరుకుతున్నాయి, అద్దెకిస్తున్నవారు మన డిగ్రీ విద్యార్థులు. పాస్‌బుక్, ఏటీఎం కార్డు, సిమ్ము ఇస్తే నెలకు కొన్ని వేలు వస్తాయని ఇస్తారు. కొన్నాళ్లకు ఎక్కడో ఉత్తరాది రాష్ట్రంలోని స్టేషన్ నుంచి, పాత క్రిమినల్ ప్రొసీజర్ కోడ్ స్థానంలో వచ్చిన చట్టమైన బీఎన్‌ఎస్‌ఎస్ 35(3) కింద హాజరు కావాలని నోటీసు వస్తుంది. ఆ ఖాతా నుంచి ఇంకెవరికైనా డబ్బు వెళ్లి ఉంటే, సరుకు అమ్మి ఫోన్ పేలో డబ్బు తీసుకున్న పాపానికి వాళ్ల ఖాతా కూడా ఆగిపోతుంది. కోట జంక్షన్ దగ్గర టిఫిన్ బండి నడిపే ఒకాయన ఖాతా అలా ఆగిపోతే, విడిపించడానికి మేము వేరే రాష్ట్రపు మేజిస్ట్రేటు కోర్టులో దరఖాస్తు వేయవలసి వచ్చింది.

2025 చట్టాన్ని సవాలు చేస్తూ వివిధ హైకోర్టుల్లో దాఖలైన వ్యాజ్యాలను సుప్రీంకోర్టు అదే ఏడాది సెప్టెంబరులో తన దగ్గరకు బదిలీ చేసుకుంది. 34వ అంశం రాష్ట్రాలది కదా, కేంద్రానికి ఈ అధికారం ఎక్కడిది అన్నది అందులో గట్టి వాదనే. తీర్పు కేంద్రానికి వ్యతిరేకంగా వచ్చినా క్యాసినో ఆటలకు తలుపు తెరుచుకున్నట్టు కాదు. అప్పుడు మన రాష్ట్ర చట్టం ఉంటుంది. తమిళనాడు 2022 చట్టం విషయంలో మద్రాసు హైకోర్టు 2023 నవంబరులో రమ్మీ, పోకర్‌లను నిషేధం నుంచి తప్పించినా, కేవలం అదృష్టం మీద నడిచే ఆటల మీద నిషేధాన్ని నిలబెట్టింది.

మీ వీధి కుర్రాళ్ల సంగతికి వస్తే, ఖాళీ చెక్కు గానీ ఖాళీ ప్రోనోటు గానీ ఏజెంటు చేతికి ఇవ్వవద్దని ముందుగా చెప్పండి. ఇప్పటికే ఇచ్చి ఉంటే వాట్సాప్ సందేశాలు చెరిపేయవద్దు. సిగ్గుపడి చెరిపేసిన చాట్‌లే తరువాత మాకు దొరకని సాక్ష్యాలవుతాయి. గెలిచిన డబ్బు విత్‌డ్రా కావాలంటే ముందు ఇంకొంత కట్టమని ఎవరైనా అడిగితే అది నేరుగా మోసమే, వెంటనే సైబర్ మోసాల ఫిర్యాదుల నంబరు 1930కి ఫోన్ చేయాలి. ఆట మానలేకపోతున్నవారికి 14416 నంబరులో టెలీ మానస్ అనే ప్రభుత్వ మానసిక ఆరోగ్య సేవ ఉంది, తెలుగులోనే మాట్లాడతారు. ఖాతా అద్దెకిచ్చినవాడు ఎవరైనా ఉంటే, బ్యాంకుకు వెళ్లి రాతపూర్వకంగా తెలియజేసి, ఆ కాగితం మీద బ్రాంచి ముద్ర వేయించుకుని, నోటీసు వచ్చేలోపే ఎవరైనా న్యాయవాదిని కలవమనండి.